ఉపనందుని హితవు: పసిబిడ్డకు క్యాన్సరు వచ్చిన ఇంటి ధర్మము

శ్రీమద్భాగవతము దశమస్కంధములోని పూతన రాకయు, శకటభంగమును, తృణావర్తుని దౌష్ట్యమును, మద్దిచెట్లు కూలుటయు మనమందరము పురాణకాలక్షేపములలో విన్నవే. వీని తరువాత వ్రేపల్లెలో జరిగిన పెద్దల సభను మాత్రము పౌరాణికులు తొందరగా దాటిపోవుచుందురు. బృందావన విహారములకు చేరవలెనన్న ఆతురత వారిది. కాని బిడ్డల రోగములతో బాధపడు గృహస్థులకు ఆ సభయే ముఖ్యము.

గోపవృద్ధులలో ఉపనందుడను వాడు జ్ఞానమునను వయస్సునను పెద్ద. అతడు లేచి, ఇంతవరకు శ్రీహరి దయవలన బాలుడు రాక్షసి చేతినుండి బ్రతికినాడనియు, బండి మీద పడక తప్పినదనియు, సుడిగాలి ఎత్తి రాతిపై పడవేసినను, చెట్లు విరిగిపడినను ప్రాణము నిలిచినదనియు ఒక్కొక్కటిగా గుర్తుచేసెను. పిమ్మట అతడు చెప్పినది గమనింపదగినది. ఇన్నిమార్లు రక్షించిన హరి ఇక ముందును రక్షించును గావున ఇచ్చటనే ఉందమని అతడు అనలేదు. మరియొక ఆపద రాకముందే పిల్లలను తీసికొని బృందావనమునకు పోదము, ఈ దినమే పోదము, బండ్లు కట్టుడని చెప్పెను. పల్లె అంతయు బాగుబాగనెను. వృద్ధులను, స్త్రీలను, బాలకులను బండ్ల మీద కూర్చుండబెట్టి, ఆలమందలను ముందు నడిపించి, విండ్లు చేతబట్టి అందరును కదలిరి. నందుని బిడ్డకు వచ్చిన ఆపద నందునికే విడువబడలేదు. ఇల్లు, పొలము, పుట్టి పెరిగిన చోటు ఒక బిడ్డకొరకు ఊరెల్ల విడిచినది. శ్రీహరి దయను మొదట స్మరించినవాడే బండ్లు కట్టుమని తొందరపెట్టినవాడును.

ఈ హితవును మన కృష్ణాతీరమునకు తెచ్చుకొని చూతము.

కూచిపూడి, మొవ్వ, పామర్రు ప్రాంతములలోని ఒక రైతు ఇంటిని భావింపుడు. అయిదేండ్ల బాలిక. పదిపదునైదు దినములుగా జ్వరము వచ్చిపోవుచున్నది. ముఖము పాలిపోయినది. దెబ్బ తగులకయే కాళ్ళమీద నీలిమచ్చలు కనబడుచున్నవి. రాత్రులు కాళ్ళు నొప్పులని ఏడ్చును. కూచిపూడిలో అడుగులు నేర్చుకొను బిడ్డ కాలునొప్పి అనినచో, అది సాధన వలని నొప్పి యని ఎవరైనను తలతురు, అది సహజమే. జ్వరమునకు మందుబిళ్ళలు, పాలిపోయినందుకు టానిక్కు, నొప్పులకు తైలము, దిష్టి తీయుట, తాయెత్తు. ఈలోపల నెల గడచును. ఇట్టి లక్షణములు రెండు మూడు కలిసి రెండు వారములకు మించి నిలిచినచో రక్తకణముల లెక్క చూచు సి.బి.సి. అను పరీక్షను అడిగి చేయించుకొనవలెను. ఇది చిన్న పట్టణములలో సైతము జరుగు చౌక పరీక్ష. కూచిపూడిలోనే నేడు ప్రవాసాంధ్రుల చేయూతతో వెలసిన సంజీవని వైద్యాలయము కలదు. ఆ పరీక్షలో అనుమానము కలిగినప్పుడు పెద్ద ఆస్పత్రికి పోయి ఎముకలోని మూలుగను తీసి పరీక్ష చేయించవలెను. ఉపనందుడు ఈ దినమే అని చెప్పిన మాట ఇచ్చట వర్తించును.

పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో ఎక్కువగా కనబడునది రక్తక్యాన్సరు. అందులోను లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా యనునది ముఖ్యము. మూలుగలో పుట్టవలసిన మంచికణములకు చోటు లేకుండ, ఎదుగని తెల్లకణములు నిండిపోవుటయే ఈ రోగము. ఎర్రకణములు తగ్గుటచే పాలిపోవుట, ప్లేట్‌లెట్లు తగ్గుటచే నీలిమచ్చలు, పనిచేయు తెల్లకణములు లేమిచే జ్వరములు, మూలుగ ఉబ్బుటచే ఎముకల నొప్పి కలుగును. ప్రపంచమున ఏటేట సుమారు 4 లక్షల మంది పిల్లలకు, యువకులకు ఏదో ఒక క్యాన్సరు వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సంపన్నదేశములలో వీరిలో నూటికి 80 మందికి పైగా నయమగుచున్నారు. అనేక పేదదేశములలో 30 మందియైన నిలుచుట లేదు. మందు అన్నిచోట్లను ఒక్కటే. ఆలస్యముగా గుర్తించుట, నడుమ చికిత్స మానుట, ధనము లేకపోవుట, మందులు దొరకకపోవుట ఈ భేదమునకు కారణములు.

వ్యాధి పేరు వినిన దినమున ఆ ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న, ఏ జన్మలో ఏ పాపము చేసితిమో అని. తల్లి తాను గర్భిణిగా ఉన్నప్పుడు తిన్నదానిని తలచుకొనును; గ్రహణమునాడు కదలితినా అని తలచుకొనును. అమ్మమ్మ తీర్చని మ్రొక్కును తలచుకొనును. చుట్టాలు వచ్చి, మీ ఇంటిలో ఎవరికైన ఉన్నదా అని అడుగుదురు. వైద్యశాస్త్రము చెప్పునది స్పష్టము. పిల్లల క్యాన్సర్లలో అధికభాగమునకు తల్లిదండ్రులు చేసిన పని ఏదియు కారణము కాదు. వంశపారంపర్యముగ వచ్చునవి కొద్ది మాత్రమే. ఇది అంటురోగము కాదు. తోడిపిల్లలు ప్రక్కన పడుకొన్నను రాదు. గ్రహణమునకు దీనితో ఏ సంబంధమును లేదు. ఇక శాస్త్రపక్షమున చూచినను, పూతన వచ్చి పోయినప్పుడు గోపికలు యశోద చుట్టు చేరి గోపుచ్ఛము త్రిప్పి, బాలుని అవయవములకు విష్ణునామములతో రక్ష కట్టిరే కాని, నీవు ఏ పాపము చేయగా ఈ రాక్షసి వచ్చినదని ఆమెను అడిగినవారు లేరు. కర్మసిద్ధాంతము మనము మన నడవడిని దిద్దుకొనుటకు చెప్పబడినది. పరుని దుఃఖమునకు లెక్క కట్టుటకు దానిని వాడువారు వైష్ణవులనిపించుకొనరు. ఇది కటువుగా ఉన్నను వ్రాయక తప్పదు. ఆస్పత్రి వరండాలలో తల్లులను సూది కన్న ఎక్కువగా గ్రుచ్చునది ఆ మాటయే.

పిల్లలును ఇట్లే తలతురని పెద్దలకు తోచదు. నాలుగైదేండ్ల బిడ్డ, సూది పొడుచుచున్నారనిన తాను ఏదో తప్పు చేసినందులకు శిక్ష యని భావించును. అన్నయో అక్కయో ఉన్నచో, తాను కొట్టినందువలననే చెల్లికి జబ్బు చేసినదని లోలోపల కుమిలిపోవచ్చును. దేవునికి కోపము వచ్చినదని పిల్లలతో ఎన్నడును అనరాదు. నీ రక్తములో చెడ్డకణములు చేరినవి, ఎవరి తప్పును కాదు, మందు వానిని పోగొట్టును, సూది నొప్పి పెట్టును గాని నేను నీ చేయి పట్టుకొని ఉందును అని చెప్పినచో ఆ వయస్సు బిడ్డకు చక్కగా తెలియును. నొప్పి పుట్టదని అబద్ధమాడి సూది వేయించిన తల్లిని బిడ్డ మరునాడు నమ్మదు.

ఈ మందుల చరిత్రలో తెలుగువారు తెలిసికొనవలసినది ఒకటి కలదు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు యౌవనమున సన్యసింపగోరి రామకృష్ణ మఠమును ఆశ్రయించిరి. తల్లి అనుమతింపలేదు. అంతట ఆయన మద్రాసున వైద్యము చదివిరి. సోదరుని స్ప్రూ అను గ్రహణి వంటి వ్యాధి బలిగొన్నది. పిమ్మట బోస్టను చేరి, అటుపై 1940లో లెడర్లీ పరిశోధనాలయమునకు వెళ్ళి, ఆకుకూరలలో నుండు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు పరిశోధనకు నాయకత్వము వహించిరి. రక్తకణములు వృద్ధియగుటకు ఆ పదార్థము కావలెను. బోస్టనులో పిల్లల వైద్యశాలలో పనిచేయుచుండిన సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూడగా రోగము హెచ్చినట్లు తోచెను. అట్లయినచో దానికి విరోధియగు పదార్థమునిచ్చిన రోగము తగ్గవలెను గదా అని ఆయన తలంచెను. సుబ్బారావుగారి బృందము అట్టి విరోధిని, అమినాప్టెరిన్ అనుదానిని, తయారుచేసి పంపెను. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినదని 1948 జూన్ నెలలో ఫార్బరు ప్రకటించెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున పరమపదించిరి. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని ఈ వ్యాధిగల ప్రతి బిడ్డకును ఇచ్చు మందులలో ఒకటి. మన డెల్టాలో బోదకాలు వ్యాధికి ఇచ్చు హెట్రజాను మందు కూడ ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే.

రెండవ మందు మన తులసికోట ప్రక్కనే ఉన్నది. నిత్యపూజకు కోయు బిళ్ళగన్నేరు నుండియే విన్‌క్రిస్టిన్ అను మందు తీయబడినది. 1963 నుండి అది వాడుకలో ఉన్నది. అయినను ఒక హెచ్చరిక. ఆ ఆకు నమలుటయు, కషాయము కాచి పోయుటయు మిక్కిలి ప్రమాదకరము. అది విషపుమొక్క. టన్నులకొలది ఆకు నుండి కొద్ది గ్రాముల మందు తీసి, బిడ్డ శరీరపు కొలతను లెక్కగట్టి నరములోనికి ఎక్కించుటకును, పెరటిలో ఆకు నలిపి త్రాగించుటకును పోలిక లేదు. అట్లే టానిక్కుల విషయము. మెథోట్రెక్సేటు ఫోలిక్ ఆమ్లమునకు విరోధియని పైన చెప్పితిమి. బలమునకని తల్లి ఇచ్చు టానిక్కులో ఫోలిక్ ఆమ్లమే ఉన్నచో మందు పని చెడవచ్చును. డాక్టరును అడుగక ఏ చుక్కయు పోయరాదు.

మొదటి నెల చికిత్స కఠినము. వారమునకొకమారు విన్‌క్రిస్టిన్, ప్రతిదినము స్టెరాయిడు, ఆస్పరాజినేజు సూదులు, వెన్నులోనికి మెథోట్రెక్సేటు. స్టెరాయిడు వలన బిడ్డ ముఖము పూర్ణచంద్రునివలె ఉబ్బును. అర్ధరాత్రి లేచి అన్నము కావలెనని పంతము పట్టును. పెట్టిన కంచము విసరివేయును. అది బిడ్డ స్వభావము కాదు, మందు చేయించు చేష్ట యని తెలియక తండ్రులు చేయి చేసికొనుట కలదు. ఆ నెల గడచుసరికి చాలమంది పిల్లల మూలుగలో సూక్ష్మదర్శినికి రోగకణములు కనబడవు. ముఖము కళకట్టును. బిడ్డ పరుగులిడును. అప్పుడే ఆ ఇంటికి నిజమైన అపాయము వచ్చుచున్నది.

బిడ్డ బాగుపడినది, స్వామి దయ జూపినాడు, ఇంక ఈ విషపుమందులెందుకు? పంటకోతలు వచ్చినవి, ఛార్జీలకు లేదు, వచ్చే నెల పోదము. ఇట్లు అనుకొని మానివేసిన ఇండ్లు ఎన్నో. ఫార్బరు చికిత్స చేసిన తొలి పిల్లలకు తగ్గిన రోగము కొద్ది మాసములలోనే తిరిగివచ్చినది. ఒక్క మందు, కొద్దికాలము చాలదని వైద్యులు అంత దుఃఖముతో నేర్చుకొనిరి. 1960లలో పలు మందులను కలిపి, వెన్నులోనికిని పంపి, రెండు మూడేండ్లు విడువక ఇచ్చు పద్ధతి ఏర్పడిన పిమ్మటనే 1970ల నాటికి సగము మంది పిల్లలు నిలువసాగిరి. కనబడని కణములు లక్షలకొలది మిగిలియుండును. అందుచేతనే చికిత్స మొత్తము రెండు, రెండున్నర ఏండ్లు. చివరి ఏడాదిన్నర చాలవరకు ఇంటివద్దనే దినమునకొక మెర్‌కాప్టోప్యూరిన్ మోతాదు, వారమునకొకసారి మెథోట్రెక్సేటు బిళ్ళలు. రోగము కనబడని కాలములో మందు మ్రింగించుట కష్టతరము. ఆడుకొను బిడ్డను పిలిచి వాంతి తెప్పించు బిళ్ళ వేయవలెను. ప్రహ్లాదుని కథను ఆడు నాటకములలో, చలనచిత్రములలో లీలావతి చేతికి విషపాత్ర నిచ్చి కుమారునికి త్రాగింపుమను ఘట్టము చూచి మనము కన్నీరు పెట్టుదుము. ఈ తల్లి స్థితి అట్టిదే, భేదమొక్కటే: ఇచ్చట పాత్రను అందించువాడు హిరణ్యకశిపుడు కాడు.

మ్రొక్కుల మాట. మ్రొక్కుకొనవద్దని ఎవరును చెప్పరు. పసుపుబట్టలో ముడుపు కట్టి దేవునిగూటిలో ఉంచుకొనవచ్చును. దానివలన తల్లి మనస్సు నిలుచును. అయితే మ్రొక్కు తీర్చు దినమును డాక్టరు అనుమతితో నిశ్చయించుకొనవలెను. మందులవలన బిడ్డ జుట్టు రాలిపోవును, తిరిగి మొలచును. తెల్లకణములు తక్కువగా ఉన్నప్పుడు తల నీలాలకు కత్తి పెట్టించినచో చిన్న గాటుతోనే చీము, జ్వరము పట్టవచ్చును. చెవులు కుట్టించుటయు అంతే. బ్రహ్మోత్సవముల రద్దీలోనికి, మొవ్వ వేణుగోపాలస్వామి కల్యాణోత్సవమునకైనను, శ్రీకాకుళము ఆంధ్రమహావిష్ణువు తిరునాళ్ళకైనను ఆ కాలమున బిడ్డను ఎత్తుకొనిపోరాదు. దంపతులలో ఒకరు వెళ్ళి రావచ్చును. ప్రసాదమును ఇంటిలో వేడిగా వండి నివేదించి పెట్టుడు. కోసి నిలువయుంచిన పండ్లు, పచ్చి కొబ్బరిచట్నీ, బయటి పానకము వద్దు. ఏకాదశి ఉపవాసము రోగికిని పసివానికిని విధింపబడలేదు. రాత్రింబవళ్ళు మేలుకొని బిడ్డను చూచు తల్లి పస్తులుండి సొమ్మసిల్లుట ఎవరికిని మేలు కాదు.

అన్నిటికన్న ముఖ్యము జ్వరము. చికిత్సలో ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీలు దాటిన జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. బిళ్ళ వేసి చూతమని ఆగరాదు. ఆ రాత్రియే బయలుదేరవలెను. కూచిపూడి నుండి విజయవాడ 50–60 కిలోమీటర్లు. ఏ సమయమునకైనను వచ్చు కారు గల పొరుగువారి ఫోను నంబరు గోడమీద వ్రాసి ఉంచుకొనుట ఒక రక్ష.

ధనము విషయమున కొంత తెరపి కలదు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై ఆంధ్రప్రదేశములో ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకము క్రింద అర్హత గల కుటుంబముల పిల్లలకు ఈ చికిత్స జరుగుచున్నది. హైదరాబాదులో ప్రభుత్వము వారి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రియు, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆస్పత్రియు, విశాఖ వద్ద అగనంపూడిలో హోమీభాభా ఆస్పత్రియు, చెన్నై అడయారులో 1954 నుండి ఉన్న క్యాన్సర్ ఇన్‌స్టిట్యూటును పలువురు ఎరిగినవే. పథకము చెల్లించనివి వేరు: గది అద్దె, ప్రయాణము, పోయిన కూలి, ఊరిలో ఉండిపోయిన పెద్దబిడ్డ బడి. ఇచ్చటనే వ్రేపల్లె కావలసియున్నది. ఆ కుటుంబమునకు అన్నదమ్ములు వంతులవారీగా నీరు పెట్టి చేను కాపాడినను, పిన్నియో మేనత్తయో పెద్దపిల్లవానిని తమ ఇంట ఉంచుకొని బడికి పంపినను, అది చందా ఇచ్చుట కన్న ఎక్కువ. ఆ పెద్దపిల్లవాని సంగతి అందరును మరచెదరు. తల్లి ఆరు నెలలు కంటికి కనబడదు, తండ్రి వచ్చినను చెల్లి మాటయే. వారమునకొక దినమైన ఫోనులో వానితో వాని సంగతులే మాటలాడవలెను.

అందరు పిల్లలును బ్రతుకరు. ఇది దాచి వ్రాసిన వ్యాసము పాఠకులకు ద్రోహము చేయును. కొందరికి రోగము తిరిగివచ్చును, మందులకు లొంగదు. ఇంక చేయదగినది లేదని వైద్యులు చెప్పిన నాడు సయితము చేయదగినది ఒకటి కలదు. అది నొప్పి లేకుండ చేయుట. మార్ఫీను చుక్కలతో, తగిన సంరక్షణతో బిడ్డ బాధను చాలవరకు అణచవచ్చును. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో పిల్లలకును అట్టి ఉపశమన వైద్యము కలదు. మార్ఫీను మత్తుమందని, అలవాటగునని భయపడి ఇవ్వక బిడ్డను ఏడ్పించుట తగదు. అప్పులు చేసి మరియొక ఊరికి, మరియొక స్వామివద్దకు ఆ బిడ్డను బండ్లలో త్రిప్పుటయు తగదు. బండ్లు కట్టవలసిన కాలము మొదట, దింపి ఇంట కూర్చుండవలసిన కాలము పిదప.

అట్టి ఇంటికి చూడబోవువారు మీ భక్తి చాలలేదని గాని, ఫలానా క్షేత్రమునకు పోయియుంటే బాగుండెడిదని గాని అనరాదు. పాత్ర మూత తీసి ఇంత వేడి అన్నము, చారు అచ్చట పెట్టి రండి. బిడ్డ మెలకువగా ఉన్నచో కథ చెప్పుడు. పిల్లలకు కృష్ణుని వెన్నదొంగతనము ఎన్నిసార్లు చెప్పినను కొత్తయే. నిదురపోవుచున్నచో తల్లిని ఒక గంట పడుకొనుమని చెప్పి, ఆ మంచము ప్రక్కన మీరు కూర్చుండుడు.